మిరప గోడౌను లా కాలేజీ

మా లా కాలేజీలో చదివినవాళ్ళకు చట్టం అబ్బిందో లేదో చెప్పలేను గానీ, తుమ్ములు మాత్రం అందరికీ అబ్బాయి. కింద మిరపకాయల గోడౌను, పైన మేము. మాఘమాసం దాటిందంటే చాలు, కూలీలు మిరపకాయల్ని గోతాల్లో పోసి కాళ్ళతో తొక్కి బిగువుగా బస్తాలు, అంటే టిక్కీలు, కట్టేవాళ్ళు. ఆ ఘాటు మెట్లెక్కి, ఫీజు కట్టకుండా, హాజరు పలక్కుండా, నేరుగా క్లాసులో వచ్చి కూర్చునేది. కాంట్రాక్టు చట్టంలో ప్రతి సెక్షనుకూ ముందొక తుమ్ము, వెనకొక తుమ్ము. ఈనాటికీ ఎవరైనా ఆ చట్టం పేరెత్తితే నా ముక్కు దురద పెడుతుంది.

గోడౌనూ, కాలేజీ రెండూ నందిగామ వీరరాఘవయ్యగారివే. మెట్ట పొలాల ఆసామి. గంజి పెట్టిన ఖద్దరు చొక్కా, భుజాన తువ్వాలు, గొంతు విప్పితే బజారు చివరిదాకా వినపడాలి. వీరులపాడు నుంచి చెవిటికల్లు దాకా గట్టు తగవొచ్చినా, గోడ తగవొచ్చినా, అన్నదమ్ముల పంపకమొచ్చినా జనం కోర్టుకు పోయేముందు ఆయన అరుగెక్కేవాళ్ళు. ఆయనకో పద్ధతి ఉంది. తగవు వినకముందే రెండు పక్షాలవాళ్ళచేతా స్టాంపు కాగితం మీద, 'మధ్యవర్తి చెప్పినదానికి కట్టుబడతాం' అని సంతకాలు పెట్టించేవాడు. తీర్పయ్యాక ఓడినవాడు కింద ఇంకో సంతకం పెట్టాలి, 'అంగీకరించాను' అని. సంతకం పెట్టనని ఎవడైనా గునిస్తే, "సంతకం లేని తగవు తగవేంట్రా? సంతలో బేరమా?" అని లేచిపోయేవాడు. ఆయన లేచిపోతే ఆ తగవు ఇంకెవరూ ముట్టుకోరు.

ఇక కాలేజీ ఎందుకు పెట్టాడంటే, ఆయన కొడుకు బుల్లిబాబుకు ఏ లా కాలేజీలోనూ సీటు రాలేదు. కొడుక్కి సీటు రాకపోతే మామూలు మనుషులు కొడుకును తిడతారు. ఈయన డెబ్బై ఎనిమిదిలో గోడౌను మీద నాలుగు గదులు వేయించి ఏకంగా కాలేజీ పెట్టేసి, తానే చైర్మన్ అయ్యాడు. దానికి యూనివర్సిటీ గుర్తింపు లేదు. "అఫిలియేషన్ దారిలో ఉంది" అన్నాడు. మూడేళ్ళపాటు దారిలోనే ఉంది పాపం, ఎక్కడ టైరు పేలిందో.

అలాంటి కాలేజీలో నువ్వెందుకు చేరావని మీరడగవచ్చు. నా పేరు జహనారా. మాది జగ్గయ్యపేట. మా అబ్బా పేరు సైదా, దర్జీ. మా పేట, నందిగామ రెండూళ్ళ లాయర్లకీ నల్లకోట్లు కుట్టేది మా అబ్బానే. నేను మాటలు నేర్చిందీ, బొత్తాలు కుట్టడం నేర్చిందీ ఇంచుమించు ఒకేసారి. లాయర్ల బొజ్జలు పెరిగేకొద్దీ బొత్తాలు తెగేవి, నేను కుట్టేదాన్ని. ఒకరోజు ఓ పెద్ద లాయరుగారు కోటు విసిరేసి, "త్వరగా కుట్టు పిల్లా, కోర్టు టైమైంది, ఇవన్నీ నీకేం తెలుస్తాయ్" అన్నాడు. అప్పుడు నిశ్చయించుకున్నాను, ఊళ్ళోవాళ్ళ కోట్లకు బొత్తాలు కుట్టడం కాదు, ఒక కోటు నేనే తొడుక్కుంటానని. ఆడపిల్లను హైదరాబాదు పంపే స్తోమత మాకు లేదు. ప్రైవేటుగా బి.ఏ. కట్టి పాసయ్యాను. సాయంత్రం బస్సెక్కి వెళ్ళి చదువుకోగలిగిన లా కాలేజీ అదొక్కటే.

చేరిన వారానికే మా అబ్బా నాకు నల్లకోటు కుట్టేశాడు. మంచి గుడ్డ, లోపల శాటిన్ లైనింగు. మా అమ్మ మౌలాబీ నెత్తి కొట్టుకుంది.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ యవ్వారం. పిల్ల పాసవ్వాలా వద్దా?"

"కోటు చూస్తే పాసవుద్దిలే" అన్నాడు మా అబ్బా, నోట్లో గుండుసూదులతోనే.

మా ప్రిన్సిపాలు కృపారావుగారు. నందిగామ కోర్టులో ప్లీడరు. నిజం మాట్లాడే అలవాటువల్ల కేసులు తక్కువ, తీరిక ఎక్కువ. పాఠం మాత్రం బంగారంలా చెప్పేవాడు. చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని మధ్యవర్తిత్వ చట్టం చెప్పిన రోజు నాకింకా గుర్తు. "మధ్యవర్తి ఎవడైనా కావచ్చు. ఇద్దరూ ఒప్పుకుంటే చాలు. జడ్జీ కానక్కర్లేదు, చదువుకున్నవాడూ కానక్కర్లేదు... హాచ్!" అన్నాడు. మేం నవ్వాం. రాసుకుని మరిచిపోయాం.

మూడో ఏడు నడుస్తుండగా మన సర్కారు యూనివర్సిటీవాళ్ళు తనిఖీకి వచ్చారు. లైబ్రరీ చూపించమన్నారు. చైర్మన్ గారు బీరువా తెరిచాడు. లోపల మూడు పుస్తకాలూ, బుల్లిబాబు క్రికెట్ బ్యాటూ ఉన్నాయి. వచ్చినవాళ్ళు మర్యాదగా మజ్జిగ తాగి, మర్యాదగా తుమ్మి, గుర్తింపు ఇవ్వలేమని రాసి వెళ్ళిపోయారు. వాళ్ళ తప్పేమీ లేదు. నేనైనా అంతే రాసేదాన్ని.

వీరరాఘవయ్యగారు ఊరుకుంటాడా? ఆయన దగ్గర మిరపకాయలు కొనే ఉత్తరాది షావుకారు ఒకడుండేవాడు. "మా ఊళ్ళో ప్రైవేటు యూనివర్సిటీ ఉంది, అడిగితే చాలు అఫిలియేషన్ ఇస్తారు" అని ఆయన చెవిన వేశాడు. పేరు ఆర్యభూషణ విశ్వవిద్యాపీఠం. మిరపకాయల లోడుతోపాటే దరఖాస్తూ వెళ్ళింది. ఖాళీ లారీ తిరిగొచ్చేసరికి జవాబూ వచ్చింది. రిజిస్ట్రారు త్రిలోకీనాథ్ గారు స్వయంగా తనిఖీకి వస్తున్నారు, విద్యార్థుల చేత ఒక నమూనా కోర్టు జరిపించి చూపించాలి అని.

చైర్మన్ గారు మమ్మల్నందరినీ అరుగు మీదికి పిలిపించాడు.

"నమూనా కోర్టంటే ఏందయ్యా కృపారావు?"

"నాటకం లాంటిదండి. ఒక కల్పిత కేసు తీసుకుని, ఒక పక్షం తరఫున ఒకరు, ఇంకో పక్షం తరఫున ఒకరు వాదిస్తారండి."

"కల్పిత కేసేంటి, ఖర్మ! కళ్ళముందు కేసుండాలి. ఆయనకి మన కాలేజీ గొప్ప తెలియాలి. విద్యార్థులు యాజమాన్యం మీద కేసేసినట్టు పెట్టండి. యాజమాన్యం తరఫున నేనే మాట్లాడతా. ఈ కాలేజీ కోసం నేను పడ్డ పాట్లన్నీ చెప్తా. ఆయన కళ్ళెంట నీళ్ళు కారాల."

"విద్యార్థుల తరఫున ఎవరండి?"

బుల్లిబాబు నన్ను చూపించాడు. "జహనారాని పెట్టు నాన్నా. దాని నోటికి ఆర్టీసీ కండక్టరే భయపడతాడు."

"సరే. రిజిస్ట్రారుగారే జడ్జీ స్థానంలో కూర్చుంటారు, గౌరవంగా ఉంటది. స్టాంపు పేపరు తెప్పించండి."

కృపారావుగారు కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఇది నాటకమండి. స్టాంపు పేపరెందుకు?"

"నాటకమైనా తగవు తగవేగా! నేను కూర్చున్నచోట సంతకం లేకుండా ఇంతవరకూ తగవు జరగలా. రేపు జనం ఏవనుకుంటారు? వీరరాఘవయ్య సొంత తగవుకి సంతకం ఎగ్గొట్టాడనుకోరూ?"

కృపారావుగారు నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. అలా మూసుకోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి అనుకుంటాను.

స్టాంపు కాగితం మీద, 'మధ్యవర్తి చెప్పినదానికి కట్టుబడతాం' అన్న మామూలు వాక్యం కింద, విద్యార్థుల కోరిక నన్నే రాయమన్నారు. నాటకమే కదా అని మనసులో ఉన్నది ఉన్నట్టు రాసిపారేశాను. 'ఈ కాలేజీలో చేరిన విద్యార్థులు గుర్తింపు ఉన్న న్యాయవాదులై, నల్లకోటు వేసుకుని కోర్టులో నిలబడేదాకా వాళ్ళ చదువు భారమంతా యాజమాన్యమే మోయాలి.' కింద చేరిన విద్యార్థులందరి పేర్లూ రాశాను, బుల్లిబాబు పేరుతో సహా. చైర్మన్ గారు చదివి, "బావుంది, దీన్ని నేను ఉతికి ఆరేస్తా చూడు" అని సంతకం పెట్టాడు. మేమూ పెట్టాం.

తనిఖీ రోజు ఉదయం నుంచీ గోడౌనులో పని ఆపమని చైర్మన్ గారి ఆర్డరు. కానీ మార్చి నెలలో మిరపకాయలు ఎవరి ఆర్డరు వింటాయి? అప్పటికప్పుడు లారీ వచ్చి నిలబడింది. లోడు ఎత్తకపోతే వెయిటింగు చార్జీలని డ్రైవరు గోల. సరిగ్గా త్రిలోకీనాథ్ గారు కుర్చీలో కూర్చునే వేళకి కింద తొక్కుడు మొదలైంది.

త్రిలోకీనాథ్ గారు బొద్దుగా, తెల్లగా, మెడలో ముత్యాల దండతో, పెళ్ళికొచ్చిన పెద్దమనిషిలా ఉన్నాడు. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. చైర్మన్ గారికి హిందీ ఒక్క ముక్క రాదు. అయినా చైర్మన్ గారు లేచి తన పాట్లు మొదలుపెట్టాడు. ఇటుకలు ఎక్కణ్ణుంచి తోలించిందీ, సిమెంటు దొరక్క ఎన్ని ఆఫీసులు తిరిగిందీ, మేనమామ ఎలా అడ్డుపడిందీ. మేనమామ దగ్గరికొచ్చేసరికి రిజిస్ట్రారుగారి కళ్ళు ఎర్రబడ్డాయి. మేనమామ చనిపోయేసరికి ధారగా కారుతున్నాయి. "చూశావా, మనసు కరిగింది" అని చైర్మన్ గారు బుల్లిబాబుకు సైగ చేసి ఇంకో అరగంట పెంచాడు. కరిగింది మనసు కాదు, మిరప ఘాటు. ఈ ముక్క ఆయనకు తప్ప గదిలో అందరికీ తెలుసు.

నా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాను. మా ఇంట్లో మాట్లాడుకునే ఉర్దూని బళ్ళో పిల్లలు తురకం తురకం అని ఏడిపించేవాళ్ళు. ఆ తురకంలోనే మొదలుపెట్టాను. "హుజూర్, నేను దర్జీ కూతుర్ని. దర్జీ కొలత తీసుకున్నాక బట్ట కుట్టి ఇవ్వాలి. సగంలో కత్తెర పట్టుకుని పారిపోతే ఊరుకుంటారా? ఈ కాలేజీ మా కొలతలు తీసుకుంది. కుట్టి తొడిగేదాకా వదలకూడదు" అన్నాను. అంతే. అంతకన్నా మాట్లాడే ఊపిరి నాకూ లేదు.

పొద్దుటినుంచీ తనకు అర్థమయ్యే భాష చెవిన పడక అల్లాడిపోతున్న త్రిలోకీనాథ్ గారు, "వాహ్ బేటీ!" అని బల్ల చరిచాడు. పారిపోవాలనే తొందర ఒకపక్క, న్యాయమూర్తి కుర్చీ మోజు ఒకపక్క. పిల్ల అడిగింది న్యాయం, పిల్ల అడిగినట్టే యాజమాన్యం చెయ్యాలి అని హిందీలో చెప్పి, మూడుసార్లు తుమ్మాడు. కృపారావుగారు ఆ తీర్పును అదే స్టాంపు కాగితం మీద రాశాడు. రిజిస్ట్రారుగారు సంతకం చేశాడు. అడగకుండానే సంచీలోంచి తన యూనివర్సిటీ గుండ్రటి సీలు తీసి టప్పున కొట్టాడు.

"ఓడిపోయినవాళ్ళు సంతకం పెట్టాలండి" అన్నాడు కృపారావుగారు, చాలా మెల్లగా.

"పెట్టకపోతే ఎలా? పద్ధతి పద్ధతే!" అంటూ చైర్మన్ గారు నవ్వుతూ, 'తీర్పు అంగీకరించాను' అని రాసి, పేరు కింద పెద్ద గీత గీశాడు. అందరం చప్పట్లు కొట్టాం. కింద లారీ హారన్ కొట్టింది.

అఫిలియేషన్ వచ్చేసింది. బంగారు అక్షరాల కాగితాన్ని గాజు ఫ్రేములో బిగించి, మేళతాళాలతో నందిగామ బజారంతా తిప్పారు. పరీక్షల ప్రశ్నపత్రాలు ఉత్తరాది నుంచి వచ్చాయి. అందరం పాసయ్యాం. బుల్లిబాబుకు ఫస్టు క్లాసు. ఆ రోజే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. సంతోషంలో ఉన్నవాళ్ళకు అనుమానాలు రావు.

ఎనభై రెండులో కోటు మడతపెట్టి సంచీలో పెట్టుకుని, పేరు నమోదు చేయించుకోవడానికి హైదరాబాదు బార్ కౌన్సిల్‌కు వెళ్ళాను. అక్కడి గుమాస్తా పెద్దాయన నా డిగ్రీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేం యూనివర్సిటీ తల్లీ?"

"ప్రైవేటు యూనివర్సిటీ అండి. మా కాలేజీకి అఫిలియేషన్ ఇచ్చింది."

"ప్రైవేటు బస్సుంటది, ప్రైవేటు ట్యూషనుంటది. యూనివర్సిటీ అంటే చట్టసభలో చట్టం చెయ్యాలమ్మా. దీనికి ఏ చట్టమూ లేదు. వీళ్ళకే దిక్కు లేదు, ఇంక మీ కాలేజీకి వీళ్ళేం దిక్కు? ఈ డిగ్రీతో నీ పేరు రాసుకోలేం."

ఆయన కసురుకుని ఉంటే బాగుండేది. జాలిగా చెప్పాడు. అందుకే ఏడుపాగలేదు. సూర్యాపేట దాటేదాకా బస్సులో ముసుగు వేసుకుని ఏడ్చాను. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగింది. చూస్తే రోడ్డు పక్కన కొత్త ఢాబా, గల్లాపెట్టె దగ్గర మా ఫస్టు క్లాసు బుల్లిబాబు. నన్ను చూసి చెయ్యూపాడు. "లాయరమ్మా, టీ తాగుతావా?" అన్నాడు. నా సంచీలో కోటుంది, దాన్ని చూపించే ముఖం లేదు. తల తిప్పుకున్నాను.

జగ్గయ్యపేట బస్టాండులో మా అబ్బా నిలబడి ఉన్నాడు. నా ముఖం చూసి సంచీ అందుకున్నాడు. ఇంటికెళ్ళి కోటుకు ఇస్త్రీ చేసి మళ్ళీ మేకుకు తగిలించాడు. ఆ ఇస్త్రీ చూసి నాకు ఏడుపు పోయి కోపం వచ్చింది.

తెల్లారేసరికి వీరరాఘవయ్యగారి అరుగు ముందున్నాను. మేడ మీద కాలేజీ బోర్డుకు సున్నం కొడుతున్నారు. కల్యాణమండపం చేస్తున్నారట.

"నన్నేం చెయ్యమంటావమ్మాయ్? కాలేజీ పెట్టా, అఫిలియేషన్ తెచ్చా, డిగ్రీ చేతిలో పెట్టా. ఇక నీ తలరాత. మావాడు కూడా ఢాబా పెట్టుకుని సుఖంగా లేడూ? నువ్వూ మీ నాన్న మిషను ముందు కూర్చో. కోట్లు కుట్టడం కూడా లా లాంటిదే."

ఆయనలో కపటం లేదు. నిజంగానే తన పని అయిపోయిందనుకున్నాడు. అదే నాకు ఒళ్ళు మండించింది. కొడుక్కి సీటు కావాల్సినన్నాళ్ళూ అది సరస్వతీ నిలయం. కొడుక్కి అక్కర తీరగానే పెళ్ళిళ్ళ భోజనశాల. మధ్యలో మేమెవరం? కూరలో కరివేపాకులమా?

నేరుగా కృపారావుగారింటికి వెళ్ళి అరిచాను. మూడేళ్ళు నేర్పిన చట్టంలో ఒక్క ముక్కైనా ఎక్కడైనా పనికొస్తుందా అని అడిగాను. ఆయన నా అరుపంతా విని, మంచినీళ్ళిచ్చి, పెట్టెలోంచి ఆ స్టాంపు కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

"మధ్యవర్తిత్వ చట్టం రోజు నువ్వు క్లాసులో ఉన్నావా, తుమ్ముతున్నావా?"

చూశాను. రెండు పక్షాల ఒప్పుదల. మధ్యవర్తి తీర్పు. ఓడినవాడి అంగీకారం. చైర్మన్ గారు జీవితమంతా పాటించిన పద్ధతి, ఒక్క చుక్క తప్పకుండా.

"ఇది నాటకం కదండీ?"

"ఎక్కడ రాసుందమ్మా నాటకమని? రాయమందామనుకునేలోపే, నాటకమైనా తగవు తగవేనని ఆయనే అన్నాడుగా!"

నందిగామ మునసబు కోర్టులో తీర్పును అమలు చేయించమని దరఖాస్తు పెట్టాను. లాయరు లేడు, నా తరఫున నేనే. వీరరాఘవయ్యగారు బెజవాడ నుంచి పెద్ద లాయరును దింపాడు. వాయిదా రోజున కోర్టు వరండా కిటకిటలాడింది. ముందు నన్ను చూడ్డానికి వచ్చారనుకుని ఉప్పొంగాను. తీరా చూస్తే వచ్చినవాళ్ళందరూ చైర్మన్ గారి అరుగు మీద ఏదో ఒకప్పుడు ఓడిపోయినవాళ్ళే.

బెజవాడ లాయరు లేచాడు. "యువర్ ఆనర్, ఇది విద్యార్థులు ఆడిన నాటకం. తీర్పు చెప్పినవాడు రిజిస్ట్రారే కాదు. ఆ యూనివర్సిటీకి గుర్తింపే లేదు!"

మునసబుగారు నావైపు చూశాడు. "ఏమంటారమ్మా?"

"యూనివర్సిటీ ఉత్తిదేనండి. నాకన్నా బాగా తెలిసినవాళ్ళు ఎవరూ లేరు" అన్నాను. కోర్టంతా నవ్వింది. "కానీ మధ్యవర్తికి యూనివర్సిటీ అక్కర్లేదండి. చదువూ అక్కర్లేదు. ఇద్దరం ఒప్పుకుంటే చాలు. ఒప్పుకున్నాం. సంతకాలు పెట్టాలని పట్టుబట్టింది చైర్మన్ గారే."

మునసబుగారు కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. తర్వాత వీరరాఘవయ్యగారిని బోనులోకి పిలిచాడు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదేనండి. కానీ ఆటలో పెట్టిందండి."

"మీ అరుగు మీద తగవులు తీరుస్తారట. వాటికీ ఇలాంటి కాగితాలేనా?"

"అచ్చం ఇవేనండి." ఆయన గొంతులో గర్వం తన్నుకొచ్చింది. "నా పద్ధతి జిల్లాలో ఎవరికీ లేదండి."

"మరి అవి కట్టుబడాల్సినవా, ఆటలో పెట్టినవా?"

ఆయన నోరు తెరిచేలోపే వరండాలోంచి వీరులపాడు బసవమ్మ కేక వినిపించింది. ఆమె గట్టు తగవులో ఓడిపోయి అప్పటికి నాలుగైదేళ్ళు.

"ఆయన కాగితం ఉత్తిదైతే నాదీ ఉత్తిదేగా బాబూ! నా గట్టు నాకు ఇప్పించండి!"

ఆమె వెనక ఇంకో గొంతు, "మా గోడ సంగతేంటి?" దాని వెనక ఇంకోటి. "మా దొడ్డి!" బంట్రోతు అరిచి అరిచి అందరినీ నోరు మూయించాడు.

వీరరాఘవయ్యగారు వరండావైపు చూశాడు. ఆ ముఖాలన్నీ ఆయనకు తెలుసు. ప్రతి ముఖం వెనకా ఒక స్టాంపు కాగితం ఉంది. ఈ ఒక్క సంతకం ఆట అంటే, ఆయన ముప్ఫై ఏళ్ళ పెద్దరికమంతా ఆటే. బెజవాడ లాయరు ఏదో చెవిలో చెప్పబోతే చేత్తో పక్కకు నెట్టాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. కక్కలేక మింగలేక ఉన్న ఆ పెద్దమనిషిని చూస్తే, చెప్పొద్దూ, నాకు ఒక్క క్షణం జాలేసింది. ఒక్క క్షణమే.

"కట్టుబడతానండి" అన్నాడు. "నా సంతకం ఎక్కడ పెట్టినా సంతకమే."

ఆ మాట ఇచ్చాక మాత్రం ఆయన వెనక్కి చూడలేదు. గుర్తింపున్న కాలేజీ చుట్టూ తానే తిరిగి సీట్లు సంపాదించాడు. మా పాత క్లాసులో కొందరికి అప్పటికే ఉద్యోగాలూ పెళ్ళిళ్ళూ అయిపోయాయి, మేం రాం అని రాసిచ్చేశారు. మిగిలిన నలుగురం గుంటూరులో గది తీసుకుని మళ్ళీ మొదటి సంవత్సరంలో చేరాం. నెలనెలా చైర్మన్ గారి జీపు వచ్చేది, బియ్యం, కందిపప్పు, మిరపకాయలతో. "మిరపకాయలు వద్దండీ, చచ్చేన్ని పీల్చాం" అని కబురంపినా మానలేదు.

ఆ నలుగురిలో ఒకడు బుల్లిబాబు. వాడు ఢాబా గల్లాపెట్టెను కరుచుకుని ఏడ్చాడు.

"నన్నొదిలెయ్ జహనారా! నాకు ఒద్దని రాసిస్తా!"

వాళ్ళ నాన్న మెడబట్టి జీపెక్కించాడు. "కాగితంలో నీ పేరుంది. వీరరాఘవయ్య కొడుకే తీర్పు ఎగ్గొట్టాడని ఊరు అనుకోవాలా? ఎక్కు!"

వాడు ఈసారి నిజంగా చదివి, నిజంగా థర్డు క్లాసులో పాసయ్యాడు. ఆ థర్డు క్లాసు చూసుకుని వాళ్ళ నాన్న మురిసినంత, ఆ ఫస్టు క్లాసుకు మురవలేదు.

ఎనభై ఆరు శ్రావణమాసంలో బార్ కౌన్సిల్ నా పేరు రాసుకుంది. అదే గుమాస్తా పెద్దాయన. గుర్తుపట్టి, "ఈసారి అసలుదే తెచ్చావ్ తల్లీ" అన్నాడు. కోటు మాత్రం పట్టలేదు. మొదట కుట్టినప్పటి కన్నా నేను ఒళ్ళు చేశాను. మా అబ్బా కుట్లు విప్పి, లోపల దాచి ఉంచిన గుడ్డ వదిలాడు. దర్జీ కూతురి కోటు కదా, ముందుచూపుతో రెండు పక్కలా గుడ్డ వదిలి కుట్టాడట. ఆ సంగతి ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదు.

కోటు తొడుక్కుని, మా అబ్బాను వెంటబెట్టుకుని, నందిగామలో వీరరాఘవయ్యగారి అరుగెక్కాను. నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"కోర్టులో నిలబడ్డావా?"

"నిన్ననే నిలబడ్డానండి."

"అయితే తీర్పు తీరినట్టే. కాగితం తెచ్చావా? చెల్లు రాసియ్యి. పద్ధతి పద్ధతే."

కోర్టు నుంచి తిరిగి తీసుకున్న ఆ స్టాంపు కాగితం అరుగు మీద పరిచాను. ఆయన సంతకం, దాని కింద పెద్ద గీత. పక్కనే లేని యూనివర్సిటీ గుండ్రటి సీలు. మిగిలిన కాస్త ఖాళీలో 'చెల్లు' అని రాశాను. కింద 'జహనారా, అడ్వకేటు' అని సంతకం పెట్టాను. నా పేరు పక్కన ఆ మాట రాయడం అదే మొదటిసారి. అక్షరం కాస్త వంకరపోయింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ వంకర అక్షరాన్ని చూశాడు.

"ఈ అరుగు మీద ఎంతమందిచేత సంతకాలు పెట్టించానో నాకే లెక్క లేదు" అన్నాడు. "నాచేత పెట్టించి, నిలబెట్టించింది మాత్రం నువ్వేనమ్మాయ్."

వెనక నిలబడ్డ మా అబ్బా కళ్ళు తుడుచుకుంటున్నాడు. నేను తిరిగి చూసేసరికి చప్పున చెయ్యి దించేశాడు.

"మిరప ఘాటండి, అయ్యగారూ" అన్నాడు.

శ్రావణమాసంలో ఆ గోడౌనులో ఒక్క మిరపకాయ కూడా ఉండదు. ఆ సంగతి వీరరాఘవయ్యగారికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"అవును సైదా, ఘాటే" అని ఆయనా తువ్వాలు అందుకున్నాడు.